ఫ్రీ రన్ పెట్టినా టైమ్‌కోడ్ ఆగిపోతోంది, రికార్డర్ క్లిప్పులన్నీ సున్నా నుంచే: సెట్టింగులు ఎలా ఉండాలి?

#1 కల్యాణం_కెమెరా (తెనాలి)

అందరికీ నమస్కారం. సెటప్ ఇది: రెండు సోనీ ఎఫ్‌ఎక్స్3, ఒక ఏ6400, చిన్న స్విచర్ (కెమెరాల్లో ఒకదాన్ని ఎంచి పంపే పెట్టె), దాని ప్రోగ్రామ్ అవుట్ (ఎంచిన బొమ్మ బయటికి వచ్చే పోర్టు) నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా హైపర్‌డెక్ అనే రికార్డర్‌లోకి రికార్డింగ్. సౌండ్ విడిగా జూమ్ ఎఫ్6లో, మిక్సర్ ఫీడ్‌తో. అంతా 1080పీ, 25 ఫ్రేములు. రెండు రోజుల పెళ్లి, ముహూర్తం అర్ధరాత్రి దాటాక.

ఇబ్బందులు మూడు. కెమెరాల్లో టీసీ (టైమ్‌కోడ్, అంటే ప్రతి ఫ్రేముకీ గంట:నిమిషం:సెకను:ఫ్రేముగా పడే నంబరు) రన్ దగ్గర ఫ్రీ రన్ (రికార్డు ఆపినా నంబరు నడుస్తూనే ఉండే పద్ధతి) పెట్టినా, రికార్డు ఆపగానే అంకెలు ఆగిపోతున్నాయి. హైపర్‌డెక్‌లో ప్రతి క్లిప్పూ 00:00:00:00 నుంచే మొదలవుతోంది. మూడోది, ప్రతి కార్డులోనూ సీ0001, సీ0002 అవే పేర్లు. ఎడిటింగ్‌లో రీలింక్ (ఫైళ్లని ప్రాజెక్టుకి మళ్లీ జతపరచడం) చేస్తే ఒక కెమెరా షాట్ ఉండాల్సిన చోట ఇంకోటి వచ్చి కూర్చుంటోంది. టైమ్‌కోడ్‌తోనే సింక్ చేయాలంటే ఏవి మార్చాలి?

#2 డీఐటీ_బెజవాడ

మొదటిదానికి కారణం టీసీ మేక్. టీసీ/యూబీ మెనూలో టీసీ రన్ కింద టీసీ మేక్ అని ఇంకోటి ఉంటుంది. అది రీజనరేట్‌లో ఉంటే, కెమెరా కార్డులోని చివరి క్లిప్ టైమ్‌కోడ్ చదివి అక్కడి నుంచి కొనసాగిస్తుంది. అప్పుడు టీసీ రన్ ఎలా ఉన్నా పనిచేసేది రెక్ రన్ (రికార్డు చేస్తున్నప్పుడే అంకెలు కదిలే) పద్ధతే. మెనూలో ఫ్రీ రన్ అని కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చాలామంది అక్కడే తికమక పడతారు. టీసీ మేక్‌ని ప్రీసెట్‌కి మార్చండి, అంకెలు ఆగకుండా నడుస్తాయి.

మెనూ క్రమం ఇలా పెట్టుకోండి: ముందు ఫైల్ ఫార్మాట్, ఫ్రేమ్ రేటు ఖరారు చేయండి. తర్వాత టీసీ మేక్ ప్రీసెట్, టీసీ రన్ ఫ్రీ రన్, చివరగా టీసీ ప్రీసెట్‌లో అంకెలు. ముందే అంకెలు పెట్టేసి తర్వాత ఫ్రేమ్ రేటో పాల్/ఎన్టీఎస్‌సీ సెలెక్టరో మారిస్తే పెట్టింది నిలుస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి, మళ్లీ చూసుకోండి. బ్యాటరీ మార్చాక కూడా అంతే, టీసీ డిస్‌ప్లే ఆన్ చేసి పక్క కెమెరాతో ఒకసారి పోల్చండి.

రెక్ రన్ పనికిరానిదని కాదు. ఒకే కెమెరాతో, ఒకే కార్డుతో చేసే పనికి అదే మేలు: క్లిప్ తర్వాత క్లిప్ వరసగా నంబర్లు, మధ్యలో ఖాళీ ఉండదు, ఏ నంబరూ రెండుసార్లు రాదు. రెండో కెమెరా వచ్చిందంటే మాత్రం ఆ వరస ఎందుకూ కొరగాదు, ఎందుకంటే ఎవరి లెక్క వాళ్లది. బహుళ కెమెరాలకు ఫ్రీ రన్ తప్ప దారి లేదు.

#3 స్విచర్‌బల్ల_వరంగల్

రెండో ఇబ్బందికి నా జవాబు. హైపర్‌డెక్ టైమ్‌కోడ్‌ని వీడియో ఇన్‌పుట్ నుంచి తీసుకునేలా ఉందనుకుంటాను. స్విచర్ ప్రోగ్రామ్ అవుట్‌లో కెమెరా టైమ్‌కోడ్ రాదు అన్నా. స్విచర్ మూడు కెమెరాల్లో ఒకదాన్ని ఎంచి కొత్త సిగ్నల్ తయారు చేస్తుంది. దానికి తన సొంత గడియారం ఉంటే అది ఎక్కుతుంది, లేకపోతే ఏమీ ఎక్కదు. మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి ఎస్‌డీఐకి మార్చే చౌక కన్వర్టర్ ఉన్నా అక్కడ రాలిపోవచ్చు. ఇన్‌పుట్‌లో ఏమీ లేకుండా ఇన్‌పుట్ నుంచి తీసుకో అంటే రికార్డర్ సున్నాలే రాస్తుంది.

మీ మోడల్‌లో ఎక్స్‌టర్నల్ టైమ్‌కోడ్ ఇన్‌పుట్ ఉంటే టైమ్‌కోడ్ జనరేటర్ (టైమ్‌కోడ్ పుట్టించే చిన్న పెట్టె) నుంచి వైరు అక్కడికే లాగండి, అన్నిటికన్నా నమ్మకమైనది అదే. లేకపోతే ఇంటర్నల్, అంటే రికార్డర్ సొంత గడియారం. కెమెరాలతో ఫ్రేమ్‌కి ఫ్రేమ్ కలవదు కానీ కనీసం ఏ పూట, ఏ గంట అన్నది తెలుస్తుంది. ఇంకోటి, చివరి క్లిప్ నుంచి రీజనరేట్ చేసే ఎంపిక. ముందు క్లిప్ 10:28:30:10 దగ్గర ఆగితే తర్వాతది 10:28:30:11తో మొదలవుతుంది. ప్రోగ్రామ్ ఫీడ్ ఒక్కదాన్నే ఆర్కైవ్ చేసేవాళ్లకు అది చక్కగా ఉంటుంది. మీ పనికి కాదు.

టైమ్‌కోడ్ మార్చేముందు రికార్డ్ ట్రిగ్గర్ చూడండి. ఇది మరవద్దు. కెమెరా స్టార్ట్/స్టాప్ సంకేతం చూసి రికార్డు మొదలయ్యే ట్రిగ్గర్ ఒకటి, టైమ్‌కోడ్ కదలడం చూసి మొదలయ్యేది ఇంకోటి. రెండోదాన్ని టైమ్‌కోడ్ రన్ అంటారు. అది రెక్ రన్ కెమెరా కోసం ఉద్దేశించినది. అంకెలు కదిలితే రికార్డు, ఆగితే స్టాప్. మీరు కెమెరాని ఫ్రీ రన్‌కి మార్చి దాన్ని నేరుగా ఏదైనా రికార్డర్‌కి కలిపి ఈ ట్రిగ్గర్ వదిలేస్తే, అంకెలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి కాబట్టి కార్డు నిండేదాకా రికార్డు ఆగదు. ఫ్రీ రన్‌లో ట్రిగ్గర్ వీడియో స్టార్ట్/స్టాప్ అయినా కావాలి, లేదా పూర్తిగా ఆఫ్.

సోనీ నుంచి బయటి రికార్డర్‌కి స్టార్ట్/స్టాప్ వెళ్లాలంటే హెచ్‌డీఎంఐ సెట్టింగ్స్‌లో టీసీ అవుట్‌పుట్ ఆన్ చేయాలి, ఆ తర్వాతే రెక్ కంట్రోల్ పనిచేస్తుంది.

#4 సౌండ్_పెట్టె

సెట్టింగ్ సరిచేసినా ఇంకో సంగతి ఉంది, డ్రిఫ్ట్. ప్రతి కెమెరాలో ఒక క్రిస్టల్ ఉంటుంది, ఏ రెండు క్రిస్టళ్లూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో పది వంతుల తేడా ఉందనుకోండి. గంటకు 36 మిల్లీసెకన్లు. 25 ఫ్రేముల్లో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంటే గంటకు దాదాపు ఒక ఫ్రేము జారుతుంది. పొద్దున మంగళస్నానాలప్పుడు కలిపిన కెమెరాలు రాత్రి జీలకర్ర బెల్లం వేళకి పది ఫ్రేములు అటూ ఇటూ అయితే ఆశ్చర్యం లేదు. పెదాల కదలికకి మాట కలవడంలో రెండు ఫ్రేములు దాటితేనే కంటికి తెలిసిపోతుంది.

చేత్తో ప్రీసెట్ నొక్కి మూడు కెమెరాలు కలపడమన్నది అసలు మొదటి నిమిషంలోనే అయిదారు ఫ్రేముల తేడాతో మొదలవుతుంది. కాబట్టి టెంటకిల్ సింక్ లాంటి చిన్న జనరేటర్లు పెట్టుకోండి. వాటిలో ఉష్ణోగ్రతకి తగ్గట్టు సర్దుకునే క్రిస్టల్ ఉంటుంది. 24 గంటలకు ఒక ఫ్రేములోపే జారతాయని తయారీదారు స్పెసిఫికేషన్. ప్రతి పరికరానికీ ఒకటి అతికించి వదిలేయండి. ఒకే జనరేటర్‌తో అన్నిటినీ ఒకసారి జామ్ చేసి (టైమ్‌కోడ్ కలిపి) తీసేసే పద్ధతిలో అయితే భోజనాల సమయంలో మళ్లీ జామ్ చేయాలి.

ఎఫ్‌ఎక్స్3కి మల్టీ/మైక్రో యూఎస్‌బీ పోర్టు ద్వారా అడాప్టర్ కేబుల్‌తో టైమ్‌కోడ్ ఇవ్వచ్చు, ఫర్మ్‌వేర్ పాతదైతే ముందు అప్‌డేట్ చేసుకోండి. ఎఫ్6కి 3.5 ఎంఎం టైమ్‌కోడ్ జాక్ ఉంది. ఏ6400కి టైమ్‌కోడ్ ఇన్‌పుట్ లేదు కాబట్టి మైక్ జాక్‌లోకి ఎల్‌టీసీని (శబ్దం రూపంలో ఉండే టైమ్‌కోడ్‌ని) పంపాలి: ఎడమ ఛానల్ ఎల్‌టీసీ, కుడి ఛానల్ స్క్రాచ్ సౌండ్ (గుర్తు కోసం ఉంచే కెమెరా సౌండ్). ఎల్‌టీసీలో ఫ్రేముకి 80 బిట్లు. 25 ఫ్రేములకు సెకనుకు 2000 బిట్లు. వినడానికి ఒకటి, రెండు కిలోహెర్ట్జ్ మధ్య గీరినట్టు ఉండే శబ్దం. దీన్ని చెడగొట్టేవి ఇవి:

ఆటో గెయిన్ కాదు, మాన్యువల్ లెవెలే పెట్టాలి. లెవెల్ మీటర్ మధ్యకి కొంచెం కింద ఉంటే చాలు, ఎర్రలోకి పోతే తరంగం అంచులు తెగి రీడర్ చదవదు. జనరేటర్ అవుట్‌పుట్‌ని మైక్ లెవెల్‌కి మార్చాలి, లైన్ లెవెల్ ఈ జాక్‌కి చాలా ఎక్కువ. విండ్ నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆఫ్. ఎల్‌టీసీ మరీ గట్టిగా పంపితే పక్క ఛానల్‌లోకి కారి స్క్రాచ్ సౌండ్‌లో కూడా ఆ గీర వినిపిస్తుంది. అప్పుడు లెవెల్ తగ్గించండి.

#5 ఎడిట్‌సూట్_అమీర్‌పేట

ఎల్‌టీసీ వచ్చిన క్లిప్పులకి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో: మీడియా పూల్‌లో ఆ క్లిప్పులన్నీ ఎంచి, రైట్ క్లిక్, అప్‌డేట్ టైమ్‌కోడ్ ఫ్రమ్ ఆడియో ట్రాక్. తర్వాత సౌండ్ ఫైళ్లతో కలిపి ఎంచి ఆటో సింక్ ఆడియో, బేస్డ్ ఆన్ టైమ్‌కోడ్. కెమెరా సౌండ్ కూడా ఉంచుకోవాలంటే అపెండ్ ట్రాక్స్ ఉన్న ఎంపిక. దీనికన్నా ముందు ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు 25 చేసుకోండి, మీడియా లోపలికి వచ్చాక అది మారదు. ప్రీమియర్ అయితే ఆడియోలోని ఎల్‌టీసీని తనంతట చదవదు, ముందు వేరే టూల్‌తో ఫైల్ టైమ్‌కోడ్‌గా మార్చి తెచ్చుకోవాలి.

చాలామంది "వేవ్‌ఫామ్‌తో (సౌండ్ తరంగాల ఆకారం పోల్చి) సింక్ చేస్తే పోదా, టైమ్‌కోడ్ ఎందుకు" అంటారు. మండపంలో ఎందుకు పోదో చెబుతాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 25 ఫ్రేముల్లో ఒక ఫ్రేము సమయంలో 13.6 మీటర్లు. హాలు వెనక 27 మీటర్ల దూరంలో నిలబెట్టిన కెమెరా మైకులోకి స్పీకర్ శబ్దం రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. మిక్సర్ ఫీడ్‌కి ఆ ఆలస్యం లేదు. వేవ్‌ఫామ్ సింక్ ఈ రెంటినీ ఒకటి చేస్తుంది, అంటే మంచి సౌండ్‌ని కూడా రెండు ఫ్రేములు వెనక్కి లాగి బొమ్మకి అతికిస్తుంది. జూమ్ చేసి తీసిన పురోహితుడి క్లోజప్‌లో మంత్రం పెదాల తర్వాత వినిపిస్తుంది. టైమ్‌కోడ్‌తో సింక్ చేస్తే ఈ దూరం ప్రసక్తే రాదు. పైగా భజంత్రీలు గట్టిమేళం మోగించేటప్పుడు కెమెరా మైకులు కొన్ని పూర్తిగా పగిలిపోతాయి, వేవ్‌ఫామ్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

#6 డల్లాస్_మల్టీక్యామ్

ఇండియాలో 25 కాబట్టి డ్రాప్ ఫ్రేమ్ గొడవ మీకు లేదు, అదృష్టం. ఇక్కడ అమెరికాలో 29.97లో తీసి ఎడిటింగ్‌కి హైదరాబాద్ పంపేవాళ్ల కోసం ఈ మాట. 29.97లో నిజంగా గంటకు 107892 ఫ్రేములే ఉంటాయి, 30తో లెక్కేసే అంకెలు 108000కి పోతాయి. తేడా 108 ఫ్రేములు, 3.6 సెకన్లు. డ్రాప్ ఫ్రేమ్ ప్రతి నిమిషం మొదట్లో 00, 01 నంబర్లను దాటేస్తుంది, పదేసి నిమిషాలకి వచ్చే నిమిషంలో మాత్రం దాటదు. 54 నిమిషాలు, రెండేసి నంబర్లు, 108. నంబర్లే పోతాయి, ఒక్క బొమ్మ కూడా పోదు. తెర మీద సెకన్లకీ ఫ్రేములకీ మధ్య సెమీకోలన్ ఉంటే డ్రాప్, కోలన్ ఉంటే నాన్‌డ్రాప్.

ఒక కెమెరా డీఎఫ్ (డ్రాప్), ఇంకోటి ఎన్‌డీఎఫ్ (నాన్‌డ్రాప్)లో ఉండి రెంటినీ పొద్దున్నే కలిపితే గంటకి 3.6 సెకన్ల చొప్పున విడిపోతాయి. టైమ్‌కోడ్ సింక్ చేసినప్పుడు తేడా క్రమంగా పెరుగుతోందంటే ముందు దీన్నే అనుమానించండి. జనరేటర్, సౌండ్ రికార్డర్, కెమెరాలు అన్నిటిలో ఒకే రేటు, ఒకే రకం. 23.976లో తీసేవాళ్లకు డ్రాప్ లేదు. అందుకే ఆ గడియారం కూడా గోడ గడియారం కంటే గంటకు 3.6 సెకన్లు వెనకబడుతుంది, అది దోషం కాదు.

#7 కల్యాణం_కెమెరా

గారూ, ప్రీసెట్‌కి మార్చగానే అంకెలు నడుస్తున్నాయి. రెండు సందేహాలు. సంగీత్‌లో కొన్ని షాట్లు ఎస్ అండ్ క్యూ (స్లో మోషన్ మోడ్)లో 100 ఫ్రేములు తీస్తాం, వాటి సంగతి? ముహూర్తం రాత్రి 1 తర్వాత. టైమ్‌కోడ్ 23:59:59:24 దాటాక సున్నా అవుతుంది కదా?

#8 డీఐటీ_బెజవాడ

స్లో మోషన్ క్లిప్పులకి సింక్ ఆశ వదిలేయండి. 100 తీసి 25లో రాస్తే నిజం సెకను టైమ్‌కోడ్‌లో నాలుగు సెకన్లు అవుతుంది, సౌండ్ కూడా రికార్డు కాదు. వాటిని వేరే బిన్‌లో పెట్టండి. ఎస్ అండ్ క్యూ నుంచి మామూలు మోడ్‌కి వచ్చాక టీసీ డిస్‌ప్లేని పక్క కెమెరాతో పోల్చకుండా రికార్డు నొక్కకండి. 50పీలో తీసేవాళ్లకి ఇంకో మాట: అక్కడ కూడా ఫ్రేమ్ అంకె 00 నుంచి 24 దాకానే, ప్రతి అంకెకి రెండు ఫ్రేములు.

అర్ధరాత్రి సంగతి ముఖ్యమైనది. రాత్రి 12 దాటిన క్లిప్పులు టైమ్‌కోడ్ వరసలో అన్నిటికన్నా ముందుకు పోతాయి. అర్ధరాత్రి మీదుగా ఆగకుండా నడిచిన ప్రోగ్రామ్ రికార్డింగ్ చివరి టైమ్‌కోడ్, మొదటిదానికన్నా చిన్నదవుతుంది. మల్టీక్యామ్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇరవై మూడు గంటల ఖాళీ సృష్టిస్తుంది. పరిష్కారం సులువు: గడియారం సమయాన్నే టైమ్‌కోడ్‌గా పెట్టాలన్న నియమం ఏమీ లేదు. సాయంత్రం 6కి మొదలై తెల్లారి 6కి ముగిసే పనైతే, సాయంత్రం 6 గంటలకు మాస్టర్ జనరేటర్‌లో 06:00:00:00 పెట్టి మిగతావన్నీ దానికి జామ్ చేయండి. అప్పుడు అర్ధరాత్రి 12:00:00:00, తెల్లవారి 6 అంటే 18:00:00:00. ఎక్కడా సున్నా దాటదు. 12 గంటలు వెనక్కి జరిపామని క్యామెరా రిపోర్టులో రాసి పెట్టండి, లేకపోతే ఎడిటర్ ఫోన్ చేస్తాడు.

రెండు రోజులకీ ఒకే గంటలు మళ్లీ వస్తాయి. దానికి యూజర్ బిట్స్ (యూబీ, టైమ్‌కోడ్‌తో పాటు మనం రాసుకునే అంకెలు) వాడండి. ఎనిమిది అంకెలు, 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్. రోజు, నెల, సంవత్సరానికి ఆరు, కెమెరా గుర్తుకి చివరి రెండు: ఏ1, బీ1, సీ1. సోనీలో యూబీ టైమ్ రెక్ ఆన్ చేస్తే యూజర్ బిట్స్‌లో అసలు గడియారం సమయం ఎక్కుతుంది. టైమ్‌కోడ్‌ని జరిపినప్పుడు అది కూడా ఉపయోగమే, కానీ తేదీ, టైమ్ రెండూ ఒకేసారి పట్టవు, ఒకటి ఎంచుకోండి. నేనైతే తేదీ, కెమెరా గుర్తు పెడతాను, సమయం ఫైల్ తేదీలో ఎలాగూ తెలుస్తుంది.

#9 ఎడిట్‌సూట్_అమీర్‌పేట

ఇక పేర్లు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒక షాట్‌ని గుర్తుపట్టేది ఫైల్ పేరు, రీల్ పేరు (ఏ కార్డుదో చెప్పే పేరు), టైమ్‌కోడ్ ఈ మూడింటితో. మూడు కార్డుల్లోనూ సీ0001 ఉండి, టైమ్‌కోడ్ కూడా కలిసిపోతే రీలింక్‌లో తప్పు షాట్ రావడం సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఫ్రీ రన్‌కి మారాక ఇది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మూడు కెమెరాల్లోనూ అదే టైమ్‌కోడ్ ఉండాలనే కదా మనం కోరేది. కాబట్టి పేరు వేరుగా ఉండటం తప్పనిసరి.

ఎఫ్‌ఎక్స్3లో ఫైల్ సెట్టింగ్స్‌లో ఫైల్ నంబర్‌ని సిరీస్‌లో పెట్టండి, రీసెట్‌లో ఉంటే ఫార్మాట్ చేసిన ప్రతిసారీ మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఫైల్ నేమ్ ఫార్మాట్‌లో టైటిల్ ఎంచి ఒక కెమెరాకి ఏక్యామ్, ఇంకోదానికి బీక్యామ్ అని టైటిల్ ఇవ్వండి. ఏ6400 ఫైళ్ల పేరు కార్డులో మార్చొద్దు. దాన్ని సీక్యామ్_కార్డు1 అనే ఫోల్డర్‌లో కాపీ చేసి, రిజాల్వ్‌లో రీల్ పేరుని ఫోల్డర్ పాత్ నుంచి తీసుకునేలా పెట్టండి. ఈడీఎల్ (కట్‌ల జాబితా ఫైలు) పంపే పని ఉంటే రీల్ పేరు ఎనిమిది అక్షరాల్లోపు ఉంచండి, పాత సీఎంఎక్స్ 3600 ఫార్మాట్ అంతకన్నా పొడుగును కోసేస్తుంది.

కార్డులో పేరు ఎందుకు మార్చకూడదంటే, ప్రైవేట్ ఫోల్డర్‌లో ఎం4రూట్, దానిలో క్లిప్ ఫోల్డర్ తెరవండి. సీ0001.ఎంపీ4 పక్కనే సీ0001ఎం01.ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఎల్‌టీసీ చేంజ్ టేబుల్ అని ఒక భాగం, దానిలో మొదటి ఫ్రేము టైమ్‌కోడ్ ఎనిమిది అంకెల్లో కనిపిస్తుంది, కానీ తిరగేసి: ముందు ఫ్రేము, తర్వాత సెకను, నిమిషం, చివర గంట. 12453010 అని ఉంటే 10:30:45:12 అన్నమాట. ఎంపీ4 పేరొక్కటే మారిస్తే ఈ ఫైల్‌తో జత తెగిపోతుంది. క్లిప్ ఫోల్డర్ ఒక్కటే కాదు, కార్డు మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చేయండి.

#10 స్విచర్‌బల్ల_వరంగల్

కార్డు మధ్యలో పనికిరాని క్లిప్పులు డిలీట్ చేసి చోటు చేసుకునే అలవాటు మానండి. ఖాళీలు చెల్లాచెదురై రాత వేగం పడిపోతుంది, పొడవైన రికార్డింగ్‌లో ఫ్రేములు రాలేది అక్కడే. రికార్డర్‌లో డ్రాప్డ్ ఫ్రేమ్ వస్తే రికార్డు ఆపేయాలా హెచ్చరిక మాత్రమే ఇవ్వాలా అన్న ఎంపిక ఉంటుంది. పెళ్లికి హెచ్చరికే పెట్టండి, ఒక ఫ్రేము కోసం తాళి కట్టే ఘట్టం పోగొట్టుకోలేం.

చోటు లెక్క: 1080పీ 25లో ప్రోరెస్ 422 (రికార్డర్ వీడియో రాసే కోడెక్) సెకనుకు 122 మెగాబిట్లు, గంటకు 55 జీబీ. హెచ్‌క్యూ అయితే 83 జీబీ, ఎల్‌టీ అయితే 38 జీబీ. అయిదు గంటల ప్రోగ్రామ్ 422లో 275 జీబీ, అంటే 256 జీబీ కార్డు ఒక్కటి చాలదు. రెండో స్లాట్‌లో కార్డు పెడితే రికార్డర్ తనే దానిలోకి మారుతుంది. ఫైలు కొత్తదైనా టైమ్‌కోడ్ అక్కడి నుంచే కొనసాగాలి. అతుకు దగ్గర ఒక్క ఫ్రేము కూడా తగ్గలేదని టైమ్‌లైన్‌లో చూడండి. కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, విండోస్, మ్యాక్ రెంటిలోనూ తెరుచుకుంటాయి. ఇంకోటి, రికార్డర్‌లో ప్లేబ్యాక్‌కి పాత క్లిప్ కనిపించకపోతే పోయిందనుకోకండి. కోడెక్‌గానీ ఫార్మాట్‌గానీ ఇప్పటి సెట్టింగ్‌కి వేరైతే చూపించదు. 1080ఐ 50లో తీసిన క్లిప్ 1080పీ 25 సెట్టింగ్‌లో అలాగే దాక్కుంటుంది.

#11 కల్యాణం_కెమెరా

కాపీకి మామూలుగా లాగి వదలడం సరిపోతుందా?

#12 డీఐటీ_బెజవాడ

సరిపోదు తమ్ముడూ. రిజాల్వ్ మీడియా పేజీలో క్లోన్ టూల్ ఉంది, కాపీ అయ్యాక చెక్‌సమ్‌తో (ఫైలు నుంచి లెక్కగట్టే గుర్తు అంకెతో) పోల్చి చూస్తుంది. రెండు వేరు డిస్కులకి క్లోన్ చేసి, రెండూ సరిచూశాకే కార్డు ఫార్మాట్. ఆ ఫార్మాట్ కూడా కంప్యూటర్‌లో కాదు, ఆ కార్డు వాడే కెమెరాలోనే.

పెళ్లి ముందు రోజు ఇది చేసి చూడండి: అన్నిటినీ జామ్ చేసి, మూడు కెమెరాలనీ ఒకే చప్పట్లకి గురిపెట్టి పది సెకన్లు రికార్డు చేయండి. రెండు గంటలు అన్నీ ఆన్‌లో వదిలి, బ్యాటరీలు ఒకసారి మార్చి, మళ్లీ చప్పట్లు. రెండు సెట్లనీ టైమ్‌కోడ్‌తో సింక్ చేసి, చేతులు తాకిన ఫ్రేము ఒక్కో కెమెరాలో ఎక్కడుందో చూడండి. రెండు సార్లూ ఒకే తేడా ఉంటే అది ఆ పరికరం లోపలి స్థిరమైన ఆలస్యం. రిజాల్వ్‌లో క్లిప్ అట్రిబ్యూట్స్, టైమ్‌కోడ్ ట్యాబ్‌లో ఆ ఫ్రేము సరిచేసుకోవచ్చు, ఆ కెమెరా క్లిప్పులన్నిటికీ ఒకేసారి. రెండోసారి తేడా పెరిగితే డ్రిఫ్ట్, జనరేటర్ దానికే అంటిపెట్టి ఉంచాలి. బ్యాటరీ మార్చిన కెమెరా ఒక్కటే పూర్తిగా దారి తప్పితే, ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని మళ్లీ జామ్ చేయాలని ఆ కెమెరామెన్‌కి చెప్పండి.

#13 సౌండ్_పెట్టె

ఆ పరీక్షలో ఎఫ్6ని కూడా కలపండి. దాని టైమ్‌కోడ్ ఫ్రేమ్ రేటు 25 ఎన్‌డీ (నాన్‌డ్రాప్) అని, మోడ్ ఎక్స్‌టర్నల్ అని చూసుకోండి. సౌండ్ శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్. చప్పట్లు కొట్టే మనిషి ఎఫ్6 మైకుకి దగ్గర్లో నిలబడాలి, లేకపోతే దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని టైమ్‌కోడ్ తేడా అనుకుంటారు.